కూతవేటు దూరం

క్రీటు ద్వీపం దక్షిణపు ఒడ్డున, లిబియా సముద్రం మీద, లూత్రో అనే చిన్న ఊరుంది. ఆ ఊరికి కారు రోడ్డు లేదు. వెనక నిట్టనిలువు కొండ, ముందు నీళ్ళు. పడవలోనైనా రావాలి, కాలినడకనైనా రావాలి. దాని పడమటి పక్క ఒక కొండకొమ్ము సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. అది దాటితే ఫీనికాస్. గదులు అద్దెకిచ్చే భోజనశాలలు రెండు మూడు, ఒక చిన్న రేవు, అంతే. పగటిపూట రెండింటి మధ్యా అరగంట నడక.

అక్కడికి వెళ్ళాలన్న కోరిక అమ్మది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో, పౌలును రోముకు తీసుకెళ్తున్న ఓడ చలికాలం గడపడానికి చేరాలనుకున్న రేవు ఫీనిక్సు. అది ఇదేనని చాలామంది పండితుల మాట. అమ్మ పుట్టింది వాడరేవు పక్క ఊళ్ళో. ఓడలూ లంగర్లూ ఎదురుగాలులూ ఉన్న ఆ అధ్యాయం తనకి చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. "ఒక్క రాత్రయినా ఆ ఊళ్ళో పడుకోవాలి తల్లీ" అంది. అందుకని గది లూత్రోలో కాకుండా ఫీనికాస్‌లో తీసుకున్నాను.

అది అక్టోబరు చివరి వారాంతం. శనివారం సాయంత్రం ఆరుంపావుకి లూత్రోలో బయల్దేరి, కొండ ఎక్కి, పైనున్న పాత తురుష్కుల కోట శిథిలాలు దాటి, వెలుగుండగానే ఫీనికాస్‌లోకి దిగాం. దక్షిణాన దూరంగా గావ్దోస్ ద్వీపం నీలంగా కనిపించింది. పౌలు ఓడ తుఫానులో చిక్కుకుని చాటుకు చేరిన కౌద అదేనని నేను చెబితే అమ్మ చాలాసేపు అటే చూస్తూ నిలబడింది. దారి నాకు చాలా తేలిగ్గా అనిపించింది.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ లూత్రో వెళ్ళాం. సమర్యా లోయ నడిచి వచ్చినవాళ్ళని ఎక్కించుకున్న పడవ ఆయియా రూమెలి నుంచి వచ్చి ఆగడం, హోరా స్ఫకియోన్ వైపు సాగిపోవడం చూస్తూ తీరిగ్గా భోంచేశాం. ఆరుంపావు కాబోతుంటే లేచాం. నిన్న ఇదే టైముకి కదా వెళ్ళాం అనుకున్నాను. కానీ యూరప్‌లో అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. శనివారం సుమారు ఆరున్నరకి అస్తమించిన సూర్యుడు ఆదివారం ఐదున్నరకే అస్తమించాడు. ఫోన్ తనంతట తాను టైము మార్చుకుంది, నేను గమనించలేదు. మన దేశంలో గడియారం ముట్టుకునే పని లేదు కాబట్టి ఆ సంగతి నా బుర్రలోనే లేదు. భోజనశాల దీపాల కింద కూర్చున్నవాళ్ళకి బయట ఎంత చీకటి పడిందో తెలియలేదు.

చివరి ఇంటి దీపం దాటాక తెలిసింది. అప్పుడైనా వెనక్కి తిరగాల్సింది. అమ్మ అడిగింది కూడా: "దారి కనిపిస్తోందా నీకు?" "కనిపిస్తోందమ్మా, నాకు తెలుసు, పది నిమిషాలు" అన్నాను. ఆ మాటకి ఆధారం ఏమీ లేదు. ఒకసారి నడిచిన దారి కాబట్టి తెలుసనుకున్నాను. అమ్మ కంగారు పడకూడదనుకున్నాను. ఆ రెండోదానికోసం మొదటిది గట్టిగా చెప్పాను.

ఫోన్ టార్చి ముఖం దగ్గర పట్టుకుని నడిచాను. అది తప్పని అప్పుడు తెలియదు. దీపం కంటి ఎత్తులో ఉంటే రాయి నీడ రాయి వెనకే దాక్కుంటుంది, గుంతా గట్టూ ఒకే చదునుగా కనిపిస్తాయి. చేయి కిందికి దించి నడుము దగ్గరో మోకాలి దగ్గరో పట్టుకుంటే నీడలు పొడుగ్గా పడతాయి, నేల ఎగుడుదిగుళ్ళు బయటపడతాయి. దారి గుర్తుగా రాళ్ళమీద వేసిన రంగు మచ్చలు పగలు దూరం నుంచే తెలుస్తాయి. ఆ చిన్న వెలుగు వలయంలో ఒక మచ్చ దగ్గర నిలబడి రెండోదాన్ని చూడటం సాధ్యం కాలేదు. పైగా ఆ కొండంతా మేకల దారులే. మనుషుల దారికంటే అవే నునుపుగా అరిగి, దీపం పడగానే తెల్లగా మెరుస్తాయి.

కోట దాటాక కింద ఫీనికాస్ దీపాలు కనిపించాయి, కూతవేటు దూరంలో. నా భయం పోయింది. నేను చేసిన పెద్ద తప్పు అక్కడే. దారి వదిలేసి దీపాలకేసి నడవడం మొదలుపెట్టాను. కాలికింద ఏదో బాట ఉంది, అది అటే పోతోంది, చాలనుకున్నాను. దీపం కనిపించడం వేరు, దీపానికీ మనకీ మధ్య ఏముందో కనిపించడం వేరు. బాట క్రమంగా సన్నబడింది. ముళ్ళ పొదలు అమ్మ చీర అంచు పట్టుకుని లాగాయి. "ఇంకెంత?" అంది. "పది నిమిషాలు" అని మళ్ళీ అన్నాను. నా కాలు తగిలి ఒక రాయి దొర్లింది. దొర్లిన చప్పుడు ఆగిపోయింది, తర్వాత ఏ చప్పుడూ లేదు, ఆ తర్వాత కింద ఎక్కడో నీళ్ళలో పడింది.

"ఆగు. కదలకు. కూర్చో" అంది అమ్మ. నా చిన్నతనం తర్వాత ఆ గొంతు మళ్ళీ విన్నది అప్పుడే.

కూర్చున్నాం. టార్చి ఆపమంది. వెలుగుకి అలవాటుపడ్డ కళ్ళు చీకటికి పూర్తిగా సర్దుకోవడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. టార్చి వెలుగుతున్నంతసేపూ ఆ వెలుగు వలయం బయట నాకు ఏమీ కనిపించలేదు. ఆపాక కొండ అంచు ఆకాశానికి ఆనుకుని కనబడింది, దానిమీద కోట గోడ నల్లగా తెలిసింది. అమ్మ అప్పుడు నెమ్మదిగా చెప్పింది: "గోడ దాటాక నిన్న మనం కాసేపు చదునుగా నడిచాం. నువ్వివాళ వెంటనే దిగడం మొదలుపెట్టావు. నాకు తేడాగానే అనిపించింది, నీకు తెలుసన్నావు కదాని ఊరుకున్నా."

ఆ చివరి మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. చేలగట్ల మీదా ఇసకదిబ్బల మీదా కరెంటు లేని రోజుల్లో రాత్రిళ్ళు నడిచిన మనిషి ఆమె. మా ఇద్దరిలో చీకట్లో దారి పట్టగలిగింది ఆమే. నేను 'నాకు తెలుసు' అనడంతో ఆమె తన కళ్ళనీ కాళ్ళనీ నమ్మడం మానేసి నన్ను నమ్మింది. నాకు ధైర్యం ఉందని చూపించుకోవడానికి ఆమె అనుభవాన్ని పనికిరాకుండా చేశాను. గడియారం మారిన సంగతి ఎవరికైనా తెలియకపోవచ్చు. దారి తెలియకపోయినా తెలుసని చెప్పడం మాత్రం నేను ఎంచుకుని చేసిన పని.

తిరిగి వచ్చిన పద్ధతి అమ్మదే. దారి అని కచ్చితంగా తెలిసిన చోట ఒకరు నిలబడాలి, రెండోవాళ్ళు మాట వినిపించేంత దూరమే వెళ్ళి చూడాలి. సరైన చోటు దొరికితే మొదటివాళ్ళని పిలవాలి, దొరక్కపోతే వాళ్ళ గొంతు వింటూ వెనక్కి రావాలి. అలా కోట దాకా, అక్కణ్ణించి లూత్రోకి దిగాం. ఫీనికాస్ దగ్గర, లూత్రో దూరం అని నేను గొణిగితే, "తెలిసిన దారే దగ్గర" అంది.

భోంచేసిన చోటి యజమానురాలు మమ్మల్ని చూసి కుర్చీ వేసి, ముందు నీళ్ళిచ్చి, తర్వాత ఫీనికాస్‌కి ఫోన్ చేసింది. మా గది యజమాని చేతిదీపం పట్టుకుని మమ్మల్ని వెతకడానికి బయల్దేరబోతున్నాడట. ఆ మాట విన్నాక నా తల ఇంకా వంగిపోయింది. నా మూలంగా మరో మనిషి రాత్రిపూట ఆ కొండెక్కేవాడు. సముద్రం నిలకడగా ఉండటంతో అక్కడి టాక్సీ పడవ మమ్మల్ని కొండకొమ్ము చుట్టూ తిప్పి దించింది. దక్షిణపు గాలి ఉంటే ఆ పడవలూ నడవవని ఆవిడే చెప్పింది. ఆ రాత్రికి లూత్రోలోనే గది అడిగి ఉండిపోవడం అన్నిటికంటే తేలికని కూడా చెప్పింది. ముందే అడిగి ఉంటే ముందే చెప్పేది.

తర్వాత పెలొపొనీసులో, మాని ప్రాంతపు తీరంలో, స్తూపా నుంచి ఆయియోస్ నికోలాస్‌కి రాత్రిపూట నడిచాను. అక్కడ తారురోడ్డు ఉంది, దారి తప్పే భయం లేదు. భయమల్లా కార్లతోనే. గ్రీసులో బళ్ళు కుడివైపు నడుస్తాయి కాబట్టి ఫుట్‌పాత్ లేని చోట మనం ఎడమ అంచున, ఎదురొచ్చే బండికి ఎదురుగా నడవాలి. మన ఊళ్ళో ఇది కుడి అంచు అవుతుంది. అలవాటు కొద్దీ కాళ్ళు అటే లాగుతాయి, ప్రతి మలుపులోనూ గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. లేత రంగు బట్టలు వేసుకున్నాను, తలకు కట్టుకునే దీపం, విడిగా ఇంకొక చిన్నది తీసుకెళ్ళాను. ఫోన్ చార్జింగు 112కి చేయాల్సి వస్తే ఉండాలని దాన్ని దీపంగా వాడలేదు. మనకి లాగే గ్రీసులోనూ అత్యవసర నంబరు 112. బయల్దేరే ముందు భోజనశాలలో అడిగాను, మీరు రాత్రి ఎటు నుంచి నడుస్తారని. వడ్డించే అబ్బాయి లోపలికి వెళ్ళి వంటగదిలోంచి ఒక పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన గుమ్మం దాకా వచ్చి ఏ మలుపు దగ్గర అంచు ఇరుకో, ఎక్కడ సముద్రం వైపుకి మారొచ్చో చేత్తో గీసి చూపించాడు.

అమ్మ ఆ ప్రయాణానికి రాలేదు, మోకాళ్ళు సహకరించలేదు. ఫోన్‌లో చెబితే అంతా విని, "వెళ్ళేముందు అడిగావా, తప్పిపోయాక అడిగావా?" అంది. వెళ్ళేముందే అడిగానని చెప్పాను.