అరకు రేపు చూద్దాం లెండి

ఇలా జరిగి కూర్చోండి, టీ వస్తోంది. వైజాగ్‌లో ఇల్లున్నవాడికి కార్తీకమాసం ఒక పండగ, ఒక గండం. చుట్టాలొస్తారు. వచ్చినవాళ్లు రామకృష్ణా బీచి చూసి ఊరుకుంటారా? "పొద్దున్న వెళ్లి రాత్రికి వచ్చేసేవి ఏమున్నాయి?" అంటారు.

మొన్నామధ్య మా అక్కయ్యా బావగారూ పదేళ్ల కొడుకుతో హైదరాబాదు నుంచి దిగారు. బావగారి ఫోన్లో జాబితా సిద్ధంగా ఉంది. సింహాచలం, బొర్రా, అరకు, చాపరాయి, లంబసింగి, బొజ్జన్నకొండ, తొట్లకొండ, భీమిలి. అన్నీ ఆ ఒక్క ఆదివారమే! "లంబసింగి మంచు చూడాలంటే తెల్లారేసరికి అక్కడుండాలి బావగారూ. అది చింతపల్లి దారి, అరకు ఇంకో దారి. మీరు రెండు ముక్కలైతే తప్ప కుదరదు" అన్నాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు.

నేనేమీ పుట్టుకతో తెలివైనవాణ్ణి కాదండి. ఓసారి ఆఫీసువాళ్లతో వ్యాను కట్టించుకుని ఒక్కరోజులో ఏడు చోట్లు తిరిగినవాణ్ణే. ఘాట్ రోడ్డు ఎక్కగానే ఏసీ చచ్చింది, వెనక సీట్లో ముగ్గురికి వాంతులు. ఆ రోజు గురించి అడిగితే ఇప్పటికీ నాకు గుర్తొచ్చేది నిమ్మకాయ వాసనే.

అందుకే ఈసారి జాబితా పక్కన పెట్టించి, "ఒక్క ఏటి వెంట వెళ్దాం" అన్నాను. గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, సుమారు 120 కిలోమీటర్లు నడిచి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒక నదిని పుట్టింటి నుంచి అత్తింటి దాకా ఒక్కపూటలో సాగనంపే వీలు ఎన్ని ఊళ్లవాళ్లకు ఉంటుంది చెప్పండి?

అసలు కొండెక్కాలంటే కిరండూల్ రైలే ఎక్కాలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దింపడానికి 1960లలో వేసిన లైను అది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారి కేకేస్తారు. కానీ బొర్రాలో దిగాక ఏటి వెంట కిందికి రావాలంటే బండి కావాలి. అందుకని కారులోనే బయల్దేరాం. శృంగవరపుకోట దాటాక చలి, దారి పొడవునా సీతాఫలాల బుట్టలు. అక్కయ్య మూడు చోట్ల ఆపించి మూడు చోట్లా బేరమాడింది.

బొర్రాలో మెట్లు దిగుతుంటే బయటి వెలుగు మెల్లగా వెనకబడుతుంది. గబ్బిలాల కంపు, తడి రాయి, జారే అంచులు. లోపల పెట్టిన రంగురంగుల దీపాలు నాకు నచ్చవు, పెళ్లిపందిట్లోకి వచ్చినట్టుంటుంది. గైడు టార్చి వేసి "ఇదిగో రుషి గడ్డం, అదిగో తల్లీపిల్లా" అని చూపిస్తుంటే మావాడు మాత్రం పైనుంచి వేలాడుతున్న ఒక సున్నపురాయి ఊడ కింద నిలబడిపోయాడు. దాని మొనన ఒక చుక్క. పడదు. ఉబ్బుతుంది, వణుకుతుంది, అయినా పడదు. వాడు అరచెయ్యి చాపి ఊపిరి బిగబట్టాడు. చివరికి టప్పున పడింది. "చల్లగా ఉంది మావయ్యా!" ఆ చుక్క మోసుకొచ్చిన సున్నం రవంత అక్కడే పేరుకుని, వేల ఏళ్లకు ఇంత ఊడ అయిందని చెప్పాను. పైనెక్కడో మేస్తున్న ఆవు కన్నంలోంచి లోపలికి పడిపోయిందనీ, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడిందనీ గైడు కథ. ఆ ఆవు పొదుగులోంచే ఏరు పుట్టిందట, అందుకే గోస్తని.

బయటికొస్తే బొంగులో చికెన్ కాలుతోంది. కార్తీకమని అక్కయ్య మొక్కజొన్న పొత్తుతో సరిపెట్టుకుంది. బావగారికి ఆ పట్టింపు లేదు. నల్లగా మాడిన వెదురుబొంగు నోట్లోంచి ఆకుల బిరడా లాగి, ముక్కల్ని విస్తరాకులోకి దులిపాడు కుర్రాడు. చుక్క నూనె ఉండదు, వెదురు చెమ్మకే ఉడుకుతుంది. ఆవిరి మొహానికి కొట్టగానే బావగారు లంబసింగి ఊసు మర్చిపోయారు.

కొండ దిగి తాటిపూడి జలాశయం గట్టున ఓ అరగంట ఆగాం. గోస్తనికి కట్టిన ఆనకట్ట ఇది. వైజాగ్ తాగేనీళ్లలో ఇక్కడివీ ఉన్నాయంటే అక్కయ్య నమ్మలేదు. "నిన్న మీ ఇంట్లో పప్పు ఉడికింది గుహలో నీళ్లతోనా?" అంది. ఉడికి ఉండొచ్చు మరి! ఆ కిందనే పద్మనాభం. 1794 జులైలో విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీ సేనతో పోరాడి పడిపోయింది అక్కడే. ఆగుదామంటే పొద్దు వాలుతోంది.

భీమిలి చేరేసరికి నాలుగున్నర. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, ఇప్పటికీ తొందర పడటం తెలీదు. డచ్చివాళ్ల సమాధుల్ని ప్రహరీ మీంచే చూసి ఏటి మొగకి నడిచాం. ఇసుక తిన్నె చీల్చుకుని గోస్తని సన్నగా సముద్రంలోకి జారుతోంది. ఆటుపోటు మారినట్టుంది, అల ఒకటి ఏట్లోకి ఎదురెక్కి వచ్చింది. మావాడు దోసిలి ముంచి నాలుక కానించి "ఛీ, ఉప్పు!" అని మొహం చిట్లించాడు. కాసేపాగి "పొద్దున్నది ఉప్పగా లేదుగా" అని మళ్లీ ముంచాడు.

ముంతమసాలా పొట్లం ఖాళీ చేస్తూ బావగారు ఫోను తీశారు. బొర్రా పక్కన ఒక టిక్కు, భీమిలి పక్కన ఒక టిక్కు. "మరి అరకు?" అన్నారు.

"వలిసెపూలు ఇప్పుడే విచ్చుతున్నాయిట. రేపు పొద్దున్న రైలుకి లేవగలరా?"

జవాబు అక్కయ్య చెప్పింది. "ముందు ఈ సీతాఫలాలు ఎవరు మోస్తారో తేల్చండి."