ముందు టైరుకు పట్టు, వెనక టైరుకు పరుగు

నా ఎడమ మోచేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. అనంతగిరి గుట్టల్లో పడ్డ గుర్తు.

అప్పటికి గ్రావెల్ సైకిల్ కొని రెండు నెలలే. తారు రోడ్డుకీ, మట్టి దారికీ పనికొస్తుందని అప్పు చేసి మరీ కొన్నా. కొన్నాక చేసిన మొదటి పని దాంతో వచ్చిన 40 ఎంఎం టైర్లు తీసేయడం! ఎందుకంటే ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, అక్కడ దోస్తులంతా నన్ను దాటేసి పోతున్నారు. పరువు సమస్య. 32 ఎంఎం నున్నటి టైర్లు వేయించి, 75 పీఎస్ఐ గాలి కొట్టించా. ఇక చూస్కోండి, స్ట్రావాలో నంబర్లు చూసుకుని ఒకటే మురిసిపోవడం.

వాటితోనే వికారాబాద్ వెళ్లా. దిగుడు, ఎడమ మలుపు, ఎర్ర మొరం మీద వదులుగా సన్న కంకర. వెనక చక్రం జారితే సైకిల్ తోకాడిస్తుంది, కాస్త తమాయించుకోవచ్చు. జారింది ముందు చక్రం. బ్రేకు మీదకి వేలు వెళ్లేలోపే నేను నేల మీదున్నా. ఏడు కుట్లు.

అమ్మ ఒకటే మాట: "అమ్మెయ్ దాన్ని." నేను కూడా ఓఎల్ఎక్స్‌లో పెడదామని ఫొటోలు తీశా. నిజం చెప్పాలంటే భయమేసింది.

నాన్న ఇరవై ఏళ్లు లారీ నడిపాడు. సైకిల్ దగ్గర కూర్చుని రెండు టైర్లూ తడిమి, "ముందుకు గిట్ల నున్నటిది ఎవడన్న ఏస్తడారా? రీట్రేడ్ చేసినయి మేం ఎనకకే ఏస్తం. స్టీరింగ్ దిక్కు ఎప్పుడు మంచి టైరే" అన్నాడు. నేను నెల రోజులు చూసిన వీడియోల సారం ఆ రెండు ముక్కల్లో ఉంది.

ఇప్పుడు ముందు 45 ఎంఎం, అంచుల్లో గట్టి బుడిపెలున్నది. మలుపులో సైకిల్ వాలినప్పుడు నేలను పట్టేవి ఆ అంచులే. వెనక 40 ఎంఎం, మధ్యలో నున్నగా, పక్కలకు చిన్న బుడిపెలు. నిటారుగా పోయేటప్పుడు నేలకు తగిలేది ఆ నున్నటి భాగమే కాబట్టి తారు మీద పెద్దగా ఈడ్చదు. కొనేముందు ఫ్రేమ్‌లో, ఫోర్క్‌లో ఎంత సందు ఉందో కొలవండి. వానాకాలం బురద ఇరుక్కుంటే చక్రం తిరగదు, నాకు అనుభవమే.

గాలి సంగతి మాత్రం నేను చాలా ఆలస్యంగా నమ్మా. టైరు ఎంత గట్టిగా ఉంటే అంత వేగం అనుకునేవాణ్ని. నున్నటి రోడ్డు మీద కొంతవరకు నిజమే. మొరం మీద గట్టి టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది, మనం తొక్కిన బలమంతా ఒళ్లు కుదిపేయడానికే పోతుంది. కాస్త మెత్తగా ఉంటే రాయి చుట్టూ ఒదిగిపోతుంది. ట్యూబ్ తీసేసి సీలెంట్ పోయించా, ట్యూబ్ నలిగి పంచరయ్యే బాధ పోయింది. నా బరువు 70 కిలోలు. ముందు 30, వెనక 34 పీఎస్ఐ సరిపోతోంది. మీ బరువుకి మారుతుంది, రెండేసి పీఎస్ఐ తగ్గిస్తూ చూసుకోండి.

ట్రాక్ మీద మళ్లీ వెనకబడ్డా, దాచేదేముంది.

పోయిన ఆదివారం అదే మలుపు. గుండె దడదడలాడింది. సైకిల్ వాల్చా, కంకర చిటపటలాడింది, చక్రం జారలేదు.

ఇంటికి రాగానే అమ్మ నా మోచేతులు చూసింది. నాన్న ముందు టైరు నొక్కి చూశాడు.