అరకు ఘాట్‌లో కారు అలిగితే...

శృంగవరపుకోట దాటితే అరకు దారి వంపులు తిరుగుతూ కొండెక్కుతుంది. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు ఆపేస్తాయి. బొంగు చికెన్ రుచి చూసి, వేడి కాఫీ తాగి, పావుగంటకు వచ్చి తాళం తిప్పితే... కొన్ని కార్లు ఎంతకీ స్టార్ట్ కావు. పొద్దున విశాఖలో ఒక్క తిప్పుకే కదిలిన బండ్లే!

కిటుకంతా ఆ పావుగంటలోనే ఉంది. ఇంజిన్ ఆగగానే గాలీ నీటి ప్రసరణా ఆగిపోతాయి. ఘాట్ ఎక్కిన వేడంతా బానెట్ కిందే మగ్గుతుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి కార్బురేటర్ కార్లలో ఆ వేడికి పెట్రోలు ఆవిరై పైపులో అడ్డుపడుతుంది. బానెట్ ఎత్తి, పెట్రోలు పంపుపై తడిగుడ్డ వేసి, కాసేపు ఆగితే సరి.

ఈతరం కార్లయితే లక్షణాలు గమనించాలి. స్టార్టర్ నీరసంగా తిరిగితే బ్యాటరీనో, స్టార్టర్ మోటారునో అనుమానించాలి. జోరుగా తిరుగుతూ పెట్రోలు వాసన వస్తే ఇంధనం ఎక్కువైనట్టు. వాసనే లేకపోతే పంపు చూడాలి. చల్లారాక మామూలుగా స్టార్టయితే సెన్సర్ల సంగతి తేల్చాలి. ఇవన్నీ చెబితే మెకానిక్‌కు సగం పని తప్పుతుంది.

ఎంత తొందరున్నా వేడి రేడియేటర్ మూత తీయొద్దు. ఇంజిన్ ఆపి పల్లంలోకి దొర్లించొద్దు. బ్రేకు పట్టు తగ్గుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఇంజిన్ చల్లారేలోగా ఇంకో కాఫీ తాగొచ్చు!