చెక్కపలక, తెల్ల దుప్పటి

గ్రీకు నృత్య దర్శకుడు దిమిత్రిస్ పాపాయొయాను అనగానే చాలామందికి ఆయన తీర్చిదిద్దిన 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవమే గుర్తొస్తుంది. స్టేడియం నిండా నీళ్లు, కాగితపు పడవలో కుర్రాడు, నీళ్లలోంచి లేచి ముక్కలుగా విడిపోయే పెద్ద శిల్పం. నాకు మాత్రం ఆ వైభవం కన్నా ఆయన చిన్న వేదికలే ఇష్టం.

ఏథెన్స్‌లో 1964లో పుట్టిన ఈయన ముందు చిత్రకారుడు. గ్రీకు చిత్రకారుడు యానిస్ త్సారూహిస్ శిష్యుడు, కామిక్స్ కూడా గీశాడు. 1986లో ఎదాఫోస్ అనే నృత్య బృందం పెట్టి 2002 దాకా నడిపాడు. బొమ్మ గీసే కన్ను మాత్రం ఆయన్ని ఎన్నడూ వదల్లేదు.

‘ది గ్రేట్ టేమర్’ (2017) అనే ఆయన ప్రదర్శనలో ఒకడు ఒంటి మీద నూలుపోగు లేకుండా పడుకుని ఉంటాడు. ఇంకొకడు వచ్చి తెల్ల దుప్పటి కప్పుతాడు. మరొకడు పక్కనే ఒక పలుచని చెక్కపలకను ఎత్తి వదిలేస్తాడు. అది పడిన గాలికి దుప్పటి ఎగిరిపోతుంది. మళ్లీ కప్పుతాడు, మళ్లీ ఎగిరిపోతుంది. యంత్రం లేదు, మాయ లేదు. మొదట నవ్వొస్తుంది, కాసేపటికి గొంతు పట్టేస్తుంది. పోయినవాళ్లకు చివరి మర్యాద చేయడానికి మనం పడే తాపత్రయమంతా అందులో ఉందనిపిస్తుంది నాకు.

జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్ 2009లో పోయాక, వుపర్టాల్‌లోని ఆమె బృందానికి పూర్తి నిడివి కొత్త ప్రదర్శన తొలిసారి చేసిన బయటి దర్శకుడూ ఈయనే: 2018లో, ‘సిన్స్ షీ’. అందులో నర్తకులు నేల మీద కాలు పెట్టకుండా, కుర్చీలు ఒకరికొకరు అందించుకుంటూ వాటి మీదుగానే వేదిక దాటుతారు. ఆమెను అనుకరించకుండానే ఆమెకు నమస్కరించాడు. అందుకు చాలా ధైర్యం కావాలి.