గుండెకు అన్నం వేళ

గుండె గదుల్లో రాత్రీ పగలూ రక్తం ఆడుతూనే ఉంటుంది. నిమిషానికి సుమారు 5 లీటర్లు. రోజుకు లెక్కేస్తే 7,000 లీటర్ల పైమాటే. ఇంత రక్తం తన లోపలినుంచే పోతున్నా గుండె కండ అందులోంచి దాదాపు ఏమీ తీసుకోదు. లోగోడల మీది పల్చటి పొర కాస్త తడుపుకుంటుందంతే. మిగతా కండకంతా తిండి బయటి దారిన రావలసిందే. బృహద్ధమని గుండెను దాటీ దాటగానే దానికి రెండు సన్నటి కొమ్మలు చీలతాయి. అవి వెనక్కి తిరిగి, గుండె పైభాగమంతా పాకి, అక్కణ్ణుంచి కండలోకి దిగుతాయి. వాటినే హృదయ ధమనులంటాం, డాక్టర్లు కరోనరీలంటారు. మా నూజివీడు మామిడి తోటల్లో కాయ కోసే మనిషి చేతుల మీదుగా సీజనంతా లారీల కొద్దీ బంగినపల్లి పోతుంది. అతని ఇంట్లో పొయ్యి వెలిగేది మాత్రం సాయంత్రం చేతికొచ్చే కూలి డబ్బులతోనే. గుండె బతుకూ అంతే.

నేను హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఈ సంగతి డిగ్రీలోనే చదువుకున్నాను. అయితే చదివింది వేరు, మనసుకు పట్టింది వేరు. పట్టించింది ఒక మేక గుండె.

పదో తరగతి పరీక్షల్లో తరాలుగా నడుస్తున్న ప్రశ్న ఒకటుంది: మానవుని గుండె నిలువుకోత పటం గీసి భాగాలు గుర్తించండి. మా పిల్లలు కళ్లు మూసుకుని గీసేస్తారు. కుడివైపు కర్ణిక, జఠరిక నీలం పెన్సిలు. ఎడమవైపు రెండూ ఎరుపు. నడుమ గోడ. కుడి గదుల మధ్య అగ్రత్రయ కవాటం, ఎడమ గదుల మధ్య అగ్రద్వయ కవాటం. ఒంట్లోంచి వచ్చిన చెడు రక్తం కుడివైపు చేరి ఊపిరితిత్తులకు పోవడం, అక్కడ ఆక్సిజన్ పట్టుకుని ఎడమవైపుకు రావడం, అక్కణ్ణుంచి బృహద్ధమనిలోకి ఎక్కడం. బాణం గుర్తులతో సహా మార్కులు గ్యారంటీ. ఆ పటాన్ని నేను తక్కువ చేయడం లేదు. 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే తన పుస్తకం అచ్చు వేయించేదాకా, రక్తం ఇలా చుట్టు తిరిగి వస్తుందని వైద్యలోకం ఒప్పుకోలేదు. అంతకుముందు 1,400 ఏళ్లపాటు, రక్తం కాలేయంలో పుట్టి ఒంట్లో ఖర్చయిపోతుందనీ, గుండె నడిమిగోడలో కనబడని బెజ్జాలున్నాయనీ నమ్ముతూ వచ్చారు. మా పదో తరగతి పిల్లాడికి ఈపాటి తెలియడం చిన్న విషయం కాదు.

కానీ నిలువుకోత అంటే గుండెను చీల్చి లోపలి భాగం చూపించడం. చీల్చాక పైభాగం ఏమైందో ఎవరికీ పట్టదు. మనుషుల ప్రాణాలు తీసే రక్తనాళాలు ఆ పైభాగం మీదే ఉంటాయి. ఆ పటంలో వాటికి చోటూ లేదు, మార్కులూ లేవు.

ఆదివారం పొద్దున మాంసం కొట్టుకెళ్లి, కోయని గుండె ఒకటి కావాలన్నాను, పైన గొట్టాలు ఊడకుండా. కొట్టతను కత్తి ఆపి చూశాడు. “గొట్టాలెందుకండీ టీచర్ గారూ, కూరలోకి పనికిరావు గదా” అన్నాడు. పిల్లలకు చూపించాలన్నాను. “అయితే కొవ్వు కూడా ఉంచేస్తానండి. కట్టేసి మేపిన దానికి గుండె మీద కొవ్వు దండిగా ఉంటుంది. కొండెక్కి మేసిన దానికి ఇంత ఉండదు” అని, నేను అడగని పాఠం ఒకటి చెప్పి పొట్లం కట్టాడు. పైన కనిపించే ఆ కొవ్వూ, గుండెపోటు తెచ్చే కొవ్వూ ఒకటి కావు. రెండోది నాళం గోడ లోపల ఏళ్ల తరబడి పేరుకుంటుంది, పైకి కనబడదు. అయినా కూర్చుని తినే ఒంటికీ, నడిచి తినే ఒంటికీ తేడా అతనికి కత్తి చివర తెలుసు. పొట్లాన్ని ఫ్రిజ్‌లో పెడితే మా అత్తయ్యగారు ఆ రోజు ఫ్రిజ్‌లో పాలు ముట్టలేదు.

సోమవారం ల్యాబ్‌లో ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, గుండెను కడిగి, గడ్డకట్టిన రక్తం తీసేశాం. గొట్టం కావలసిన చోట బొప్పాయి ఆకు కాడ వాడాం. కాడను ఒక నాళంలోంచి తోస్తే అది ఏ గదిలోకి దిగుతుందో చూడాలి. సగం మంది పిల్లలకు అక్కడే పాఠం వచ్చేసింది. జఠరికలు కోశాక కుడి గోడనూ ఎడమ గోడనూ వేళ్ల మధ్య పట్టుకు చూశారు. ఎడమది కుడిదానికి మూడింతలు మందం. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు, ఎడమది అరికాలి దాకా తోయాలి. కవాటాల రేకుల అంచులనుంచి కిందికి తెల్లటి తంతువులు దిగి, గోడమీది చిన్న కండలకు అతుక్కుని ఉన్నాయి. ఒక పిల్లాడు వాటిని తెంపుదామని చూశాడు. తెగలేదు. జఠరిక బిగిసినప్పుడు రేకులు కర్ణికలోకి తిరగబడకుండా పట్టుకునేవి అవే. చిన్నతనంలో గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్లనొప్పులు వచ్చి నిర్లక్ష్యం చేస్తే ఈ రేకులే దెబ్బతింటాయి. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకోసారి ఏళ్ల తరబడి పెన్సిలిన్ సూది వేసేది మళ్లీ ఆ జ్వరం రాకుండా, ఈ కవాటాలను కాపాడటానికే.

చివరికి బృహద్ధమనిని నిలువునా చీల్చాం. మొదట్లో మూడు అర్ధచంద్రాకార రేకులు. ఒక అమ్మాయి ఆ రేకును గోటితో కిందికి నొక్కి, “టీచర్, దీని వెనకాల బెజ్జం ఉంది, బ్లేడు తగిలిందా?” అంది. ఇంకో రేకు వెనక చూస్తే అక్కడా ఒకటుంది. కొబ్బరి ఈనె కొసను సన్నగా గీకి అందులోకి మెల్లగా దూర్చమన్నాను. ఈనె పోయిపోయి, గుండె పైభాగాన కొవ్వు కింద సన్నటి గీతలా ఉబ్బింది. వేలు పెడితే తగులుతోంది. “ఇందులోనేనా టీచర్ స్టంటు వేసేది?” అని వెనకనుంచి ఒకడు అడిగాడు. వాళ్ల తాతకు విజయవాడలో వేశారట. అవునన్నాను. మనిషిలో పెద్ద హృదయ ధమని కూడా మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పే. బృహద్ధమనిలోకి తోసిన రక్తంలో ఇరవయ్యో వంతు ఈ దారిన వెనక్కొచ్చి గుండెకు అందుతుంది. ఆ ఈనె కొసను చూస్తూ నిలబడిపోయాను. ఇన్ని లీటర్లు తోసే యంత్రం బతుకంతా ఈ బెజ్జం మీద ఆధారపడి ఉంది.

ఆ రాత్రి నన్ను పట్టుకున్న ఆలోచన మాత్రం వేరు. గుండె ఎప్పుడు తింటుంది? బిగిసినప్పుడు తినలేదు. ఎడమ జఠరిక గోడ బిగుసుకుంటే ఆ గోడలో దూరిన నాళాలు కూడా దాంతోపాటే నొక్కుకుపోతాయి. కండ సడలినప్పుడే వాటిలోకి రక్తం ధారాళంగా దిగుతుంది. నాడి నిమిషానికి 72 అనుకుంటే ఒక్కో చుట్టుకు 0.8 సెకను. అందులో జఠరికలు బిగిసేది 0.3, సడలేది 0.5. రోజు మొత్తం మీద చూస్తే పదిహేను గంటలు విశ్రాంతి, తొమ్మిది గంటలు పని. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క క్షణం ఆగకుండా పని చేస్తుందని గుండెను పొగుడుతుంటాం గానీ, అది పని చేసిన దానికన్నా ఎక్కువసేపు సేద తీరుతుంది. దానికి అన్నం వేళ అదే. నాడి వేగం పెరిగినప్పుడు కోత పడేది కూడా ఈ 0.5కే. బిగిసే సమయం కొద్దిగానే తగ్గుతుంది, సడలే సమయం సగానికీ అంతకన్నా కిందికీ పడిపోతుంది. పని పెరిగిన వేళలోనే తిండి వేళ తగ్గుతుందన్నమాట. ఆరోగ్యంగా ఉన్న ధమనులు వెడల్పై ఆ లోటు పూడుస్తాయి. పూడుకుపోయిన ధమనులకు ఆ వెసులుబాటు లేదు.

ఏప్రిల్, మే నెలల్లో మా వైపు వచ్చినవాళ్లకు ఇక్కడినుంచి నేను చెప్పబోయేది తేలిగ్గా అర్థమవుతుంది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఎటు చూసినా తోటలే. తెల్లవారకముందే కోత ముఠాలు దిగుతాయి. చిక్కం కట్టిన గడతో కాయను తొడిమతో సహా దించాలి, సొన కాయమీద కారకూడదు, చేతిమీద పడితే చర్మం పొక్కుతుంది. పదింటికల్లా ఎండ నిప్పులు చెరుగుతుంది. కొన్నేళ్లు 44 డిగ్రీలు దాటుతుంది. నున్న మామిడి మార్కెట్‌కు లారీ పంపాలన్న తొందరలో మధ్యాహ్నం కూడా ట్రేలు మోస్తూనే ఉంటారు. ఎండకు ఒళ్లు చల్లబడాలని రక్తం చర్మంలోకి మళ్లుతుంది, చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది, ఆ రెండు లోట్లూ పూడ్చడానికి గుండె వేగం పెంచుకుంటుంది. బరువు మోత దానికి తోడు.

ఒక సీజన్లో మా మరిది వాళ్ల తోటలో కోత జరుగుతుంటే మజ్జిగ పట్టుకెళ్లాను. ముఠా మేస్త్రి చెట్టుకింద కూర్చుని దవడ పట్టుకుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, బీడీ మానడు. “పన్ను సలుపుతోందమ్మా, లవంగం పెట్టాను” అన్నాడు. నుదుటిమీద చెమట చూస్తే ఎండ చెమటలా లేదు, నీడలో కూర్చున్నాక కూడా కారుతోంది. పక్కవాళ్లు గ్యాసన్నారు, సోడా తెప్పించారు కూడా. “చెయ్యి లాగుతోందా మేస్త్రీ?” అని అడిగితే ఎడమ మోచేతి కిందికి చూపించాడు. నాకు కొబ్బరి ఈనె గుర్తొచ్చింది. ఆటో ఎక్కించి ఈసీజీకి పంపాం. పోటే. సమయానికి చేరాడు కాబట్టి బతికాడు. ఇప్పుడు చెట్టెక్కడు, ట్రేల లెక్క రాస్తాడు.

దవడ ఎందుకు నొప్పెట్టిందని తర్వాత పిల్లలు అడిగారు. తిండి అందని గుండె కండనుంచి బాధను మోసుకెళ్లే నరాలు వెన్నుపాములో, చేతినుంచీ రొమ్మునుంచీ వచ్చే నరాలు చేరే చోటికే చేరతాయి. ఆ కబురు ఏ ఇంటినుంచి వచ్చిందో మెదడు సరిగా పోల్చుకోలేదు. అందుకే చేయి, భుజం, మెడ, దవడ, కొందరికి పొట్ట పైభాగం. షుగరున్నవాళ్లలో, ఆడవాళ్లలో అసలు నొప్పే లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, చెమటలుగా రావచ్చు. సినిమాల్లో లాగా గుండె పట్టుకుని ఒరిగిపోవాలని రూలేం లేదు.

పోటొచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చడానికి అంత తొందరెందుకన్నదానికి జవాబు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గరుంది. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన 1920ల చివర్లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఏటీపీనీ పట్టుకున్నారు. కండ ఏ పని చేసినా ఖర్చుపెట్టేది ఏటీపీనే. గుండె రోజుకు సుమారు ఆరు కిలోల ఏటీపీ తయారు చేసి ఖర్చు చేస్తుందని లెక్క. తన బరువేమో 300 గ్రాములు. నిల్వ ఉండేది కొన్ని సెకన్లకే సరిపడా. నాళం మూసుకుంటే కొద్ది క్షణాల్లోనే ఆ భాగం సరిగా బిగియడం మానేస్తుంది. ఇరవై ముప్పై నిమిషాల నుంచి కండ చావడం మొదలై, గంటల తరబడి లోపలినుంచి బయటికి పాకుతుంది. చచ్చిన కండ తిరిగి రాదు, అక్కడ మచ్చ మిగులుతుంది.

గుండెపోటు పట్నంవాళ్ల జబ్బనే మాట ఇంకా వినబడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మరణాల్లో సుమారు 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లేనని తేలింది. అవన్నీ పొలం పనులు చేసుకునే పల్లెలే. వైద్యం సంగతికొస్తే పాతరోజులు కావు. హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1990లలో తక్కువ ఖర్చు స్టెంట్ తయారు చేశారు. 2017లో కేంద్రం స్టెంట్ల ధరలకు కళ్లెం వేసింది. 2016లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్ గోఖలే బృందం గుండెనే మార్చింది. నలభై వేల దాకా ఖరీదు చేసే గడ్డ కరిగించే సూదిని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే కార్యక్రమం రాష్ట్రంలో 2023లో మొదలైంది. ఇన్ని ఉన్నా మనిషి చెట్టుకింద సోడా తాగుతూ కూర్చుంటే ఏవీ పనికిరావు.

తోటి టీచర్లకు ఒక మాట: నిలువుకోత పటం గీయించండి, దానితోపాటు కోయని గుండె పటం కూడా ఒకటి గీయించండి. తోటలు కౌలుకు తీసుకునేవాళ్లకు, కాయ కొనేవాళ్లకు ఇంకో మాట: మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా కోత ఆపండి, లారీ సాయంత్రం కదిలినా నున్నలో కాయ అమ్ముడవుతుంది. కోతలో ఎవరికైనా చెమటలు పట్టి, చెయ్యో దవడో రొమ్మో లాగుతోందంటే పది నిమిషాలకు మించి ఎదురు చూడకండి, నడిపించకండి, బండి మీద ఎక్కించకండి. 108కి ఫోన్ చేయండి. పైసా అడగరు.