యంత్రముతో మాటలాడుట

షార్టువేవు రేడియో వినువారికి నిద్ర శత్రువు. పగలు సూర్యరశ్మిచే అయనమండలపు అడుగుపొర బలపడి దిగువ షార్టువేవులను మ్రింగివేయును. పొద్దు క్రుంకిన పిదప ఆ పొర పలుచబడి దూరదేశపు స్టేషనులు వినవచ్చును. ఏది యే గంటకు వచ్చునో వ్రాసికొనుటకు రాత్రియంతయు మీట త్రిప్పుచు గూర్చుండవలెను. ఆ పనిని కంప్యూటరున కప్పగింప కరీంనగరమున మా యింట సంకల్పించితిమి.

మాది ఐకామ్ వారి రిసీవరు. దానికి ఆజ్ఞలు 5 వోల్టుల యొక్క తీగపై నడచును. మా పాత కంప్యూటరు సీరియల్ పోర్టునందు ధన, ఋణ వోల్టేజీలు నడచును. రెంటి నడుమ దుబాసి మాక్స్ 232 అను చిప్పు. దానికి కెపాసిటర్లు చేర్చి టంకము పెట్టినది మా కోడలు. "ఆడువారి కీ పని యేల?" యని బంధువు లడిగిరి.

ఆజ్ఞ సరియైనచో రిసీవరొక సంకేతమును, కానిచో వేరొక సంకేతమును బదులిచ్చును. పంపినది యెవరని యడుగదు. ఆ భాషను తయారుచేసినవారు పుస్తకమున అచ్చువేసిరి గనుక, చదువనేర్చిన వారెల్లరకు నది సొత్తే. మన యిండ్లలోనో, విద్య యింకను ఆడ, మగ చూచియే బదులిచ్చుచున్నది.

దీపావళికి ఆమె యా పెట్టెను ఆదిలాబాదు జిల్లాలోని పుట్టింటికి గొనిపోయినది. పట్టణపు చార్జర్ల రొద లేని యా పల్లెలో రాత్రి లెక్కలు వ్రాయించి, చెల్లెండ్రకు టంకము పెట్టుట నేర్పి వచ్చినది.

పాఠకుల యింట పాత రిసీవరు మూలబడియున్నచో, దానిని విప్పుటకు మొదట కూతునే పిలువుడు.