కదలని ముల్లు

పోయిన వేసవిలో అట్లాంటా దగ్గర లేనియర్ సరస్సులో మా తమ్ముడి పాత స్టెర్న్‌డ్రైవు పడవ ఎక్కాను. ఇంజను లోపల ఉంటుంది. ప్రొపెల్లరు కాలు వెనక నీళ్లలో ఉంటుంది. ఆ కాలు ఎంత పైకి లేచిందో చూపవలసిన ట్రిమ్ మీటరు ముల్లు మాత్రం ఒక మూలనే అతుక్కుపోయింది.

"మీటరు పాడైందిరా, మార్చెయ్యి" అన్నాను, క్లాసులో సంధి విడదీసినంత ధీమాగా.

"ఉండన్నయ్యా" అని వాడు తాళం తిప్పి, మీటరు వెనక సెండరు తీగ ఊడదీశాడు. ముల్లు ఒక చివరకు పోయింది. ఆ స్క్రూను ఎర్తుకు తాకించగానే రెండో చివరకు పోయింది.

"మీటరు మంచిదే. దానికి కబురే సరిగా అందడం లేదు."

పడవను ఒడ్డుకు లాగి చూస్తే, కాలి పక్కనున్న సెండరు తీగ నీటిలో నాని, మలుపుమలుపుకీ వంగి లోపల తెగిపోయి ఉంది. కొత్త సెండరు వేశాడు. ముల్లు కదిలింది. నాకు మాత్రం గుండెలో గుచ్చుకుంది.

రెండేళ్లుగా ఫోనులో వాడు అమ్మ ఎలా ఉందని అడిగినప్పుడల్లా "కులాసా" అనే చెబుతున్నాను. దూరాన ఉన్నవాడు బెంగపడతాడని!

ఆ సాయంత్రం ఉన్నదున్నట్టు చెప్పాను: అమ్మకు మతిమరుపు ముదిరిందనీ, నన్నే వాడి పేరుతో పిలుస్తోందనీ.

వాడేమీ అనలేదు. మర్నాడే టిక్కెట్టు కొన్నాడు.